మహాసభలో బీడీ అక్కకి మూడు నిమిషాలు దొరకలేదు

సంపాదకులు గారికి నమస్కారం,

మన హైదరాబాద్‌లో ఏ పార్టీ జాతీయ సభలు జరిగినా మీ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే అలవాటు నాది. 2022 జులైలో బీజేపీ జాతీయ కార్యవర్గం హెచ్ఐసీసీలో పెట్టి పరేడ్ గ్రౌండ్స్‌లో బహిరంగ సభ పెట్టినప్పుడూ చదివాను, 2023 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ వాళ్లు తాజ్ కృష్ణాలో వర్కింగ్ కమిటీ జరిపి తుక్కుగూడలో సభ పెట్టినప్పుడూ చదివాను. ఏ నాయకుడు ఎక్కడ దిగాడు, భోజనాల్లో ఏమేం వడ్డించారు, ట్రాఫిక్ ఎటు మళ్లించారు అన్నీ వివరంగా వేశారు, అవి కూడా జనానికి కావాల్సినవే, కాదనను. కానీ ఇలాంటి సభలకి సొంత పైసలతో స్లీపర్ టికెట్ కొనుక్కుని వచ్చే మామూలు డెలిగేట్ ఏం చెప్పడానికి వచ్చాడు, చెప్పే ఛాన్స్ దొరికిందా, వాళ్ల మాటకి తీర్మానంలో ఒక్క పదమైనా మారిందా అనేది ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు. అందుకే రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా వెయ్యండి.

నేను రాంనగర్‌లో ఉంటాను, టైలరింగ్ షాపు ఉంది, ఇరవై ఏళ్లుగా ఒక పార్టీలో పని చేస్తున్నాను. మాది చిన్న పార్టీ, పేరు రాయట్లేదు ఎందుకంటే ఇది ఒక్క మా పార్టీ సమస్యే కాదు, పైగా పార్టీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కూడా కాదు. మాకు జాతీయ మహాసభ ఏటా జరుగుతుంది, ఒక్కో ఏడాది ఒక్కో రాష్ట్రం. పోయినేడాది హైదరాబాద్ వంతు వచ్చింది, నేను ఆహ్వాన సంఘంలో వసతి, భోజనాల కమిటీ చూశాను. ఈ ఏడాది పట్నాలో జరిగితే డెలిగేట్‌గా వెళ్లాను. అంటే సభని జరిపించే వైపు నుంచీ చూశాను, కుర్చీలో కూర్చునే వైపు నుంచీ చూశాను.

ముందు హైదరాబాద్ సంగతి. సభ పెట్టాలంటే మొదటి తలనొప్పి హాలు. ఇక్కడ ఫంక్షన్ హాళ్లన్నీ ముహూర్తాల లెక్కన నడుస్తాయి, మంచి ముహూర్తం ఉన్న వారంలో మూడు రోజులు వరసగా కావాలంటే ఓనర్ నవ్వి పంపేస్తాడు. ఆషాఢంలో అయితే పెళ్లిళ్లు ఉండవు కాబట్టి రేటు తగ్గించి ఇస్తారు, మేం కూడా అలాగే ఆషాఢంలో పెట్టుకున్నాం. కానీ ఆషాఢం అంటే ఇక్కడ బోనాలు, మా వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్లు, ఆదివారం బోనం ఎత్తాల్సిన వాళ్లు, పోలీసు పర్మిషన్ కూడా లేటయింది. పోనీ ఎండాకాలం పెడితే స్కూళ్లు ఖాళీగా ఉంటాయి, డెలిగేట్లని క్లాస్‌రూముల్లో పడుకోబెట్టొచ్చు, అద్దె ఉండదు, కానీ ఆ ఎండకి వయసు పైబడిన వాళ్లు తట్టుకోలేరు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఈ విషయంలో తెలుగుదేశం వాళ్ల మహానాడు పద్ధతి నాకు నచ్చుతుంది, ఎన్టీఆర్ పుట్టినరోజు మే 28 కాబట్టి మహానాడు ఆ రోజుల్లోనే ఉంటుందని పల్లెటూరి కార్యకర్తకి కూడా ఏడాది ముందే తెలుసు, సెలవు పెట్టుకోవాలన్నా కూలి పని సర్దుకోవాలన్నా వీలుంటుంది. ఎండ సంగతి వేరే అనుకోండి.

మాకు తేదీ ఖరారు చేసి కేంద్ర ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది సభకి ముప్ఫై ఐదు రోజుల ముందు. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది, 2024 నవంబర్ దాకా 120 రోజులుండేది. ముప్ఫై ఐదు రోజుల ముందు తేదీ చెప్తే అస్సాం నుంచి, బీహార్ నుంచి వచ్చేవాళ్లకి అప్పటికే వెయిటింగ్ లిస్టే. ఫ్లైట్‌లో వచ్చేది ఎవరు, నాయకులే కదా. ఆఫీసులో కూర్చుని తేదీ లేట్‌గా చెప్పిన రోజే సభకి ఎవరు రాగలరో ఎవరు రాలేరో సగం తేలిపోయింది, ఇది చాలామందికి అర్థం కాదు, నాకు కూడా లిస్టు చేతికొచ్చి అందులో కూలి పని చేసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే అప్పుడు అర్థమైంది.

ఇంకోటి, ఇప్పుడు చాలా రైళ్లు చర్లపల్లి టెర్మినల్‌కి వస్తున్నాయి, అది 2025 జనవరిలో మొదలైంది, స్టేషన్ బ్రహ్మాండంగా ఉంది కానీ అక్కడికి మెట్రో లేదు. తెల్లవారుజామున నాలుగింటికి దిగిన ఒడిశా డెలిగేట్లు సికింద్రాబాద్ అనుకుని బయటికొచ్చి మెట్రో ఎక్కడా అని అడుగుతున్నారు. రెండు మినీ బస్సులు మాట్లాడి ఒక కుర్రాడిని బోర్డు పట్టుకుని రాత్రంతా అక్కడే కూర్చోబెట్టాం. ఆడ డెలిగేట్లు కొందరు తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అంట కదా అని పైసలు లేకుండా ఎక్కేశారు, మహాలక్ష్మి స్కీము ఇక్కడి వాళ్లకే, మన రాష్ట్రం గుర్తింపు కార్డు చూపించాలి, పాపం వాళ్లని కండక్టర్ దింపేస్తే వానలో నడుచుకుంటూ వచ్చారు. ముందే ఒక పేజీ సమాచారం వాళ్ల భాషలో పంపి ఉంటే ఇది జరిగేది కాదు, ఆ తప్పు మా కమిటీదే, నాది కూడా.

భోజనాలు మాత్రం బాగా జరిగాయి అని గర్వంగా చెప్తాను. బియ్యం అంతా ఊళ్ల నుంచి వచ్చింది, ఇంటింటికీ తిరిగి శేరో రెండు శేర్లో పోగేసి బస్తాలు కట్టి పంపారు. మా వంటమేస్త్రి పెళ్లి వంటలు చేసే మనిషి, కారం తగ్గించమంటే మొదట్లో ఒప్పుకోలేదు, మొదటి పూట పప్పుచారు నోట్లో పెట్టుకున్న బెంగాల్ పెద్దాయన కళ్లల్లో నీళ్లు చూశాక రెండు డేక్షాలు వేరేగా పెట్టాడు. యూపీ, పంజాబ్ వాళ్లకి రొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదు, కేరళ వాళ్లకి ఉప్పుడు బియ్యం కావాలి. రొట్టెలు చెయ్యడానికి మా బస్తీ ఆడవాళ్లు పదిహేను మంది పొద్దున నాలుగింటికి వచ్చేవాళ్లు, ఒక్కరు కూడా పైసా అడగలేదు. వాళ్లలో ఎవరూ డెలిగేట్లు కాదు, లోపల ఏం మాట్లాడుతున్నారో ఒకసారి వినొచ్చా అని ఒకామె అడిగింది, హాల్లో కుర్చీ లేదని చెప్పాల్సి వచ్చింది.

కుర్చీ ఎందుకు లేదో కూడా చెప్తాను. నాయకులతో పాటు వచ్చిన వాళ్లు, వాళ్ల కార్ల డ్రైవర్లు, ఫొటోలు దిగేవాళ్లు బ్యాడ్జి లేకుండానే లోపలికొచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు, బ్యాడ్జి ఉన్న డెలిగేట్లు వెనక నిలబడ్డారు. గేటు దగ్గర మా వాలంటీర్ అమ్మాయి డిగ్రీ చదువుతుంది, ఆపితే ఎవరనుకున్నావ్ అని గద్దించారు, ఏడ్చుకుంటూ వచ్చింది. ఆ రాత్రి ఆ పిల్లకి దుర్గాబాయి గారి సంగతి చెప్పాను. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖాదీ ఎగ్జిబిషన్‌లో పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీర్, టికెట్ లేదని నెహ్రూ గారిని గుమ్మంలోనే ఆపేసింది, నిర్వాహకులు పోయి టికెట్ కొనుక్కొస్తే కానీ లోపలికి పంపలేదు. నెహ్రూ గారు కోప్పడలేదు, డ్యూటీ బాగా చేశావని మెచ్చుకున్నారు. వందేళ్ల కింద గుమ్మం దగ్గర చిన్నపిల్ల మాటకి ఉన్న విలువ మా పిల్లకి ఎందుకు ఉండకూడదు అని నా బాధ.

ఆడవాళ్ల వసతి గురించి రాయకుండా ఉండలేను. ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురు రూమ్ అని ఒకటుంటుంది, అద్దం, ఏసీ, ఒక బాత్‌రూమ్. డెబ్బై మంది ఆడ డెలిగేట్లకి అదీ, ఇంకో స్టోర్ రూమూ ఇచ్చాం. పొద్దున ఆరింటికి లైన్, తొమ్మిదింటికి సభ, స్నానం కాని వాళ్లు సగం మంది లేట్‌గా లోపలికొచ్చారు, ఆ టైమ్‌కి మాట్లాడే వాళ్ల పేర్లు రాసుకోవడం అయిపోయింది. రెండు మొబైల్ టాయిలెట్లు అద్దెకి తెచ్చినా సరిపోయేది, బడ్జెట్‌లో స్టేజీ బ్యాక్‌డ్రాప్‌కి ఉన్నాయి దీనికి లేవన్నారు.

ఇక పట్నా. మేం ఐదుగురం దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం, ఒకటిన్నర రోజు ప్రయాణం, ఐదుగురికి కన్ఫర్మ్ అయినవి రెండు బెర్తులు, మిగతావి ఆర్ఏసీ. ఆ రైలు తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, ఇక్కడ బిల్డింగులు కట్టి ఊళ్లకి పోయే బీహార్ కూలీలతో బాత్‌రూమ్ దాకా నిండిపోయి ఉంటుంది. మాతో నిజామాబాద్ వైపు నుంచి ఒక అక్క వచ్చింది, బీడీలు చుడుతుంది, చిన్నప్పటి నుంచీ అదే పని. సైడ్ లోయర్ మీద మేమిద్దరం కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం, ఆమె దారి పొడుగునా ఒక చీటీ తీసి చదువుకోవడం, మళ్లీ బ్లౌజులో పెట్టుకోవడం. వాళ్ల బ్రాంచిలో అందరూ కూర్చుని రాసిన పేపర్ అది. మూడు నిమిషాలిస్తే చాలు, నేను చదివితే రెండున్నర నిమిషాల్లో అయిపోతది, టైమ్ చూసుకున్న అంది.

ఆమె అడగాలనుకున్నది ఏంటంటే వెయ్యి బీడీలకి అన్ని రాష్ట్రాల్లో ఒకే కూలి ఉండాలని. ఇది చిన్న విషయం కాదు. బీడీ కార్మికుల చట్టం 1966లో దేశం మొత్తానికీ చేశారు, కానీ కూలి ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. ఇక్కడ కూలి పెంచమని గట్టిగా అడిగితే కంపెనీ వాళ్లు ఆకు, తంబాకు తక్కువ కూలి ఉన్న పక్క రాష్ట్రానికి పంపుతామంటారు, ఇక్కడ పని దినాలు తగ్గిపోతాయి. అక్కడి వాళ్లు అడిగితే వాళ్లకీ అదే మాట. బెంగాల్‌లో ముర్షిదాబాద్, మధ్యప్రదేశ్‌లో సాగర్, తమిళనాడులో తిరునల్వేలి, కర్ణాటకలో మంగళూరు వైపు, మన దగ్గర నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, అన్ని చోట్లా చుట్టేది ఆడవాళ్లే. నిజామాబాద్‌లో ఎంత గట్టిగా ధర్నా చేసినా ఒక్క నిజామాబాద్‌తో ఇది తేలదు. ఇలాంటి దానికే కదా జాతీయ మహాసభ ఉండేది, ఈ ఊళ్ల మనుషులందరూ ఒక హాల్లో కూర్చునే రోజు ఏడాదిలో అదొక్కటే.

మొదటి రోజు జెండా, అమరులకి నివాళి, స్వాగతం, ప్రారంభ ఉపన్యాసాలు, సాయంత్రం దాకా అదే సరిపోయింది. రెండో రోజు కార్యదర్శి నివేదిక, దాని మీద చర్చ. చర్చకి టైమ్ రాష్ట్రాల లెక్కన ఇచ్చారు, తెలంగాణకి పదిహేను నిమిషాలు. మా రాష్ట్ర నాయకులు ఇద్దరు మాట్లాడారు, అయిపోయింది. వాళ్లు మాట్లాడింది తప్పని కాదు, కానీ ఆ ఇద్దరూ కేంద్ర కమిటీ మీటింగుల్లో ఏడాదంతా మాట్లాడే వాళ్లే. అక్క మూడుసార్లు చీటీ పంపింది. నా పేరు పిలుస్తరా లేదా అక్కా, ఎన్నిసార్లు లేచి నిలబడాలె అని నన్నడిగింది. నేను వెళ్లి స్టేజీ మీద సభ నడిపే ప్రెసీడియంలో ఉన్నాయన్ని అడిగితే రేపు తీర్మానాల టైమ్‌లో చూద్దామన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం బహిరంగ సభ ఉంది కాబట్టి పదకొండు తీర్మానాలూ అరగంటలో చదివి చేతులెత్తమన్నారు, అన్నీ హిందీ, ఇంగ్లీషు. అసంఘటిత కార్మికుల మీద తీర్మానంలో బీడీ అనే మాట ఒకచోట ఉంది, అంతే. అక్క కూడా అందరితో పాటు చెయ్యెత్తింది. దేనికి ఎత్తిందో నేను చెవిలో చెప్పేలోపే తర్వాతి తీర్మానం మొదలైంది. టైమ్ లేదు, మీ పాయింటు రాసిచ్చి వెళ్లండి అన్నారు, తెలుగులో రాసింది తీసుకుని ఏం చేస్తారో అడగడానికి కూడా అక్కడ ఎవరూ ఆగలేదు.

కానీ భోజనాల లైన్లో ఒకటి జరిగింది. ముందు నిలబడ్డ ఆమె వేళ్ల కొసలు చూసి అక్క నా చెయ్యి గిల్లింది, ఆమె కూడా బీడీలు చుట్టేదే, ముర్షిదాబాద్ నుంచి వచ్చింది. నాకొచ్చిన హిందీ కొంచెం, ఆమెకొచ్చిన హిందీ కొంచెం. ఇద్దరూ కూలి ఎంతో వేళ్లతో చూపించుకున్నారు, ఆకు తక్కువిచ్చి బీడీలు ఎక్కువ అడగడం, బాగోలేవని పక్కకి తీసేసిన బీడీలకి లెక్క ఇవ్వకపోవడం, పీఎఫ్ నంబర్ అందరికీ రాయకపోవడం, రెండు వైపులా ఒకటే కథ. తెలంగాణలో మాకు పీఎఫ్ ఉన్నోళ్లకి 2016 రూపాయల పింఛను వస్తుందని అక్క చెప్తే ఆమె ఆశ్చర్యపోయి మీరెట్లా సాధించారని అడిగింది. ప్లేట్లు పట్టుకుని నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాం, అన్నం చల్లారిపోయింది. ఆ మూడు రోజుల్లో నాకు మహాసభ అనిపించింది ఆ నలభై నిమిషాలే. అదే మాట మైకులో జరిగి ఉంటే సాగర్ నుంచి, తిరునల్వేలి నుంచి వచ్చిన వాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లు.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. 1921లో ఇదే హైదరాబాద్‌లో వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టారు, సభలో వాళ్లు అల్లరి చేసి గేలి చేశారు. ఆ అవమానం తట్టుకోలేకే మన వాళ్లు ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు, దాని నుంచే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టాలంటే నిజాం సర్కార్ పర్మిషన్ కావాల్సిన, గస్తీ నిషాన్ 53 అనే ఆంక్షల ఉత్తర్వు నడిచిన రోజుల్లో. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులైనప్పుడు సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకి తగ్గించారు. ఎందుకంటే రూపాయి ఇవ్వలేని పాలేరు, కూలీ కూడా సంఘంలోకి రావాలని. ఆ తర్వాత సంఘం ఊరూరికీ ఎలా పాకిందో అందరికీ తెలిసిందే. సభ ఎలా పెడతామన్న దాన్ని బట్టే అందులోకి ఎవరొస్తారో ఉంటుందని వాళ్లకి తెలుసు.

చర్చకి టైమ్ ఇవ్వడం కుదరదనే వాళ్లకి ఒకటి గుర్తు చేస్తాను. 2018 ఏప్రిల్‌లో సీపీఎం 22వ మహాసభ మా ఇంటికి దగ్గరే, బాగ్‌లింగంపల్లి ఆర్టీసీ కళ్యాణ మండపంలో జరిగింది. నాది ఆ పార్టీ కాదు. కానీ వాళ్లు ముసాయిదా తీర్మానం రెండు నెలల ముందే బయటపెట్టి సవరణలు పంపమంటారు. కాంగ్రెస్‌తో అవగాహన గానీ ఎన్నికల పొత్తు గానీ ఉండదని ముసాయిదాలో ఉన్న మాట మీద ఇక్కడ గట్టి చర్చ జరిగింది, చివరికి రాజకీయ పొత్తు ఉండదు అని మార్చారు. ఆ మార్పు మంచిదా కాదా వేరే విషయం. పై వాళ్లు రాసిన మాట సభలో కూర్చున్న వాళ్ల వల్ల మారింది, అదీ మన ఊళ్లోనే. వాళ్లది మూడేళ్లకోసారి జరిగే సభ, మాది ఏటా జరిగేది, ఏటా కాబట్టి అంత టైమ్ ఉండదంటారు. ఏటా జరిగేదాంట్లో ఉపన్యాసాలు తగ్గించడమే ఇంకా తేలిక కదా, పోయినేడాది చెప్పినవే కదా మళ్లీ చెప్పేది.

మా పార్టీ వాళ్లైనా వేరే పార్టీ వాళ్లైనా ఇది చదివితే, దయచేసి తేదీ కనీసం మూడు నెలల ముందు చెప్పండి, టికెట్లు దొరుకుతాయి. ముసాయిదా నెల ముందు తెలుగులో కావాలి, మాకు పోయినేడాది రెండు రోజుల ముందు ముప్ఫై ఎనిమిది పేజీలు ఇంగ్లీషులో పంపితే ఇద్దరు లెక్చరర్లూ కోర్టులో టైపు చేసే ఒక తమ్ముడూ రాత్రంతా కూర్చుని సగమే చెయ్యగలిగారు. హాల్లో హెడ్‌ఫోన్లకి పైసలు లేకపోతే భాషల వారీగా కూర్చోబెట్టి ఒక్కో గుంపుకి తర్జుమా చేసే మనిషిని పెడితే చాలు, హైదరాబాద్‌లో మేం అలాగే చేశాం, బాగానే నడిచింది. ఇక మొదటి రోజు మొదటి పూట కొత్తగా వచ్చిన డెలిగేట్లకి ఇచ్చెయ్యండి, స్టేజీ మీద వాళ్లు ఆ పూట కింద కూర్చుని వినాలి, వాళ్ల ఉపన్యాసాలు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. రాష్ట్రాల లెక్కన కాకుండా మనిషి పేరు మీద టైమ్ ఇస్తేనే ఇది కుదురుతుంది.

మీ పేపర్‌కి కూడా ఒక మాట. ఈసారి ఏ పార్టీ సభ జరిగినా బహిరంగ సభకి పంపినట్టే ప్రతినిధుల సభ బయట కూడా ఒక విలేకరిని కూర్చోబెట్టండి. లోపలికి రానివ్వరు, నాకు తెలుసు. టీ బ్రేక్‌లో బయటికొచ్చే వాళ్లని అడగండి, మీరేం చెప్దామని వచ్చారు, చెప్పారా అని.

అక్క పట్నా నుంచి వచ్చాక చీటీ నాకిచ్చేసింది. పోయి రావడానికి ఏడు రోజులు పట్టింది, చుట్టని రోజు కూలి ఉండదు, ఏడు రోజుల కూలి పోయింది, వచ్చేసారి నువ్వే చదువు అంది. వచ్చేసారి దాకా ఎందుకని, ఆమెని అడిగి, ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను. మహాసభలో చదవనిది కనీసం మీ పేపర్లో అయినా చదువుతారు.

"అధ్యక్షులకు, అన్ని రాష్ట్రాల అక్కచెల్లెళ్లకు దండాలు. మాకు కూలి పెంచమంటే పని పక్క రాష్ట్రానికి పోతది అంటున్నరు, మీకు కూడా గట్లనే అంటున్నరా? అంటే మీరు మేము కలిసి అడిగితే వాళ్లు ఏడికి పంపుతరు? వెయ్యి బీడీలకు దేశమంతా ఒకటే కూలి ఉండాలని తీర్మానం చెయ్యాలె, అందుట్ల మా ఊర్ల పేర్లు కూడా రాయాలె."

ఇట్లు,
ఒక పార్టీ కార్యకర్త,
రాంనగర్, హైదరాబాద్.
(పేరు వెయ్యొద్దని మనవి)